మాక్సిమా: అవకలన సమీకరణాలు నేర్చుకునేవారికి మంచి తోడు

అవకలన సమీకరణాలు బోధించే నాకు, ఉచితంగా దొరికే గణిత సాఫ్ట్‌వేర్ మాక్సిమాలో అన్నిటికంటే నచ్చేది అది వేసే ప్రశ్న. వై'' + ఏవై = 0 ఇచ్చి సమీకరణాన్ని సాధించే ‘ఓడీఈ2’ ఆదేశం నడిపితే, ‘ఏ’ విలువ ధనమా, రుణమా, సున్నానా అని ముందుగా అడుగుతుంది. ధనమైతే సాధనలో సైన్, కొసైన్‌లు వస్తాయి. రుణమైతే ఘాత ప్రమేయాలు. సున్నా అయితే సరళరేఖ. విద్యార్థులు తరచూ వదిలేసే విచారణ సరిగ్గా ఇదే!

ప్రారంభ విలువలు చేర్చడానికి ‘ఐసీ2’ ఉంది. ఓడీఈ2 రెండో క్రమం (అంటే రెండో అవకలజం, వై'') దాటి వెళ్లదు, సాధించలేనప్పుడు ‘ఫాల్స్’ అని చెప్పేస్తుంది. ఆ నిజాయితీ నాకు ఇష్టం. 1960లలో ఎంఐటీలో మొదలైన వ్యవస్థకు ఇది వారసురాలు కాబట్టి తెర కాస్త పాతగా కనిపిస్తుంది, అంతే. వచ్చిన సాధనను మాత్రం సమీకరణంలో ప్రతిక్షేపించి తప్పక సరిచూసుకోండి. అందుకూ ఇందులో ఒక్క వరుస చాలు.