సిరీస్ ముగిసేదాకా ఆగాలా, వస్తున్నకొద్దీ చదవాలా?

యంగ్ అడల్ట్ నవలల (కౌమారంలో ఉన్నవాళ్ల కోసం రాసేవి) అభిమానులు కొత్త పుస్తకాల జాబితా రాసుకునేటప్పుడు తేల్చుకోలేక ఆగిపోయే చోటు ఒకటి ఉంది. మూడు భాగాలుగా రాబోయే సిరీస్‌లో మొదటి భాగం వచ్చింది. దాన్ని ఇప్పుడే చదవాలా, మూడూ వచ్చాక వరుసగా చదవాలా? రెండు పక్షాల వాళ్లూ గట్టిగానే వాదిస్తారు. నేను వచ్చినవి వచ్చినట్టు చదివే పక్షం. అన్ని సిరీస్‌లకూ అదే మాట చెప్పను. ఆగి చదివితేనే రుచించే కథలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను.

ముందు ఆగేవాళ్ల వాదన విందాం, ఎందుకంటే అది తీసిపారేసేది కాదు. ఫాంటసీ సిరీస్ అంటే మొదటి వంద పేజీల్లోనే రాజ్యాల పేర్లు, వంశాల పేర్లు, మంత్రవిద్యకు సంబంధించిన నియమాలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఏడాది గడిచాక రెండో భాగం తెరిస్తే ఎవరు ఎవరికి అన్న, ఎవరు ఎవరిని మోసం చేశారు అన్నది సగం చెరిగిపోయి ఉంటుంది. రచయితలు మళ్లీ మొదటి నుంచి వివరంగా గుర్తుచేయరు. వరుసగా చదివేవాళ్లకు ఈ బాధ లేదు. మొదటి భాగంలో ఎక్కడో అమాయకంగా పడేసిన మాట మూడో భాగంలో మొలకెత్తినప్పుడు, ఆ మాట ఏ పేజీలో చదివారో కూడా వాళ్లకు గుర్తుంటుంది. ఆ ఆనందం నిజమైనది.

రెండోది, కథను నడిమధ్యలో వదిలేసే ముగింపులు. ప్యాట్రిక్ నెస్ రాసిన ‘కేయాస్ వాకింగ్’ మూడు భాగాలూ 2008, 2009, 2010 సంవత్సరాల్లో వచ్చాయి. మొదటి భాగం అత్యంత ప్రమాదకరమైన క్షణంలో, ఎవరు బతుకుతారో తెలియని చోట ఆగిపోతుంది. నిజానికి అది ముగింపు కాదు, అధ్యాయం చివర. అలాంటి దాన్ని ఏడాది విడిచి చదవడంలో నాకు ఏ గొప్పా కనిపించదు. ఒకే కథను కోసి మూడు అట్టల మధ్య పెట్టిన చోట, తర్వాతి భాగం దగ్గరపడేదాకా ఆగడమే మేలు. ఇక్కడ రెండో పక్షానికి పూర్తి మార్కులు ఇస్తాను.

కానీ ఆగడంలో ఒక పెద్ద చిక్కు ఉంది. సిరీస్ ఎప్పుడు ముగుస్తుందో మనకు తెలియదు, చాలాసార్లు రచయితకూ తెలియదు. క్రిస్టఫర్ పావొలినీ ‘ఎరగాన్’ను మూడు భాగాల కథగా మొదలుపెట్టాడు. పెద్ద ప్రచురణ సంస్థ నుంచి అది 2003లో వచ్చింది. 2005లో రెండో భాగం. మూడో దాని కోసం అందరూ ఎదురుచూస్తుండగా 2007లో, కథ ఒక్క పుస్తకంలో పట్టడం లేదని, నాలుగు భాగాలవుతుందని ప్రకటించాడు. మూడోది 2008లో, నాలుగోది 2011లో వచ్చాయి. 2003లో 13 ఏళ్లున్న పాఠకులు ‘మొత్తం వచ్చాకే చదువుతాను’ అని కూర్చుని ఉంటే, మొదటి పేజీ తెరిచేసరికి వాళ్లకు 21 ఏళ్లు. రాసినవాడి వయసూ అలాగే మారింది. 15 ఏళ్ల కుర్రవాడిగా కలం పట్టిన పావొలినీకి చివరి భాగం వచ్చేసరికి 28 నిండబోతున్నాయి. పోనీ అక్కడితో ముగిసిందా అంటే, 2023లో అదే లోకం నుంచి ‘ముర్తాగ్’ వచ్చింది.

ఇది ఒక్కడి కథ కాదు. సుజాన్ కాలిన్స్ ‘హంగర్ గేమ్స్’ 2010లో మూడో భాగంతో ముగిసిందనే అందరం అనుకున్నాం. పదేళ్లకు, 2020లో, ఒక పూర్వకథ వచ్చింది. 2025 మార్చిలో మరొకటి. ఫిలిప్ పుల్‌మన్ ‘హిస్ డార్క్ మెటీరియల్స్’ 1995లో మొదలై 2000లో పూర్తయింది. 2017లో ఆయన అదే నాయికతో ‘ద బుక్ ఆఫ్ డస్ట్’ మొదలుపెట్టారు. రెండో భాగం 2019లో వస్తే మూడోది 2025 అక్టోబరులో గానీ రాలేదు. టోమీ అడెయెమీ ‘చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్’ 2018లో వచ్చింది, రెండో భాగానికి ఏడాదిన్నర దాటింది, మూడో భాగానికి ఇంకో నాలుగేళ్లకు పైగా పట్టి 2024లో వచ్చింది. పూర్తయ్యాక చదువుతామనే గీత మనం దగ్గరికి వెళ్లేకొద్దీ వెనక్కి జరుగుతూ ఉంటుంది.

నా పక్షంలో అన్నిటికన్నా బలమైన కారణం వయసు. ప్రచురణకర్తలు ఈ నవలలను 12 నుంచి 18 ఏళ్ల వాళ్లను దృష్టిలో పెట్టుకుని తెస్తారు. పెద్దవాళ్లు చదవకూడదని కాదు, లక్షల మంది పెద్దవాళ్లు చదువుతారు, నేనూ చదువుతాను. కానీ పదహారేళ్ల వయసులో పదహారేళ్ల నాయిక కథ చదవడం వేరు. ఇంట్లో ఎవరూ తన మాట వినడం లేదని ఆ పిల్ల తలుపు వేసుకుని కూర్చునే అధ్యాయం చదువుతున్నప్పుడు, అదే కోపం అదే వారంలో మనకూ ఉంటుంది. ఆమె తీసుకున్న తెలివితక్కువ నిర్ణయం మనకు తెలివితక్కువగా అనిపించదు, అదొక్కటే దారి అనిపిస్తుంది. అయిదారేళ్ల తర్వాత అదే అధ్యాయం చదివితే ‘కాస్త ఆగి ఆలోచిస్తే పోయేది కదా’ అంటాం. అప్పటికి మనం ఆ పిల్ల పక్కన లేం, వాళ్ల అమ్మ పక్కన నిలబడి ఉన్నాం. ఆ చదువూ మంచిదే, కాకపోతే అది ఎప్పుడైనా దొరుకుతుంది. మొదటిది కొన్నేళ్లే దొరుకుతుంది. కౌమారంలో ఉన్నవాళ్లు సిరీస్ పూర్తయ్యేదాకా ఆగుతామంటే నాకు నిజంగా మనసు ఒప్పదు.

మధ్యలో ఎదురుచూసే కాలం వృథా అనే మాటను కూడా నేను ఒప్పుకోను. ‘హ్యారీ పాటర్’ ఆరో పుస్తకం 2005 జూలైలో, ఏడోది 2007 జూలైలో వచ్చాయి. ఆరో పుస్తకం చివర ఒక నకిలీ లాకెట్ దొరుకుతుంది, అందులోని చీటీ కింద మూడే పొడి అక్షరాలు, ఆర్. ఎ. బి. ఎవరీ మనిషి? అసలు లాకెట్ ఏమైంది? జవాబుకు రెండేళ్లు ఆగాలి. ఆ రెండేళ్లలో పాఠకులు పాత పుస్తకాలను వాక్యం వాక్యం తిరగేశారు. అయిదో పుస్తకంలో, పాడుబడిన ఇంటిని అందరూ కలిసి శుభ్రం చేసే సన్నివేశంలో, బయట పారేస్తున్న సామాన్ల మధ్య ఎవరూ తెరవలేకపోయిన బరువైన లాకెట్ ఒకటి ఉందని ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యాన్ని పట్టుకున్నారు. ఆ ఇంటివాళ్ల వంశవృక్షంలో సరిపోయే పేరు వెతికారు. ఏడో పుస్తకం వచ్చాక చూస్తే వాళ్ల ఊహ నిజమైంది. అన్ని భాగాలూ ముందర పెట్టుకుని చదివేవాళ్లకు ఈ వెతుకులాట ఉండదు. ప్రశ్న పుట్టిన రాత్రే తర్వాతి పుస్తకం తెరిచి జవాబు తెలుసుకుంటారు. తప్పేమీ లేదు, కాని తనంతట తానే ముడి విప్పిన పాఠకురాలికి ఆ కథ మీద కలిగే హక్కు వీళ్లకు కలగదు.

వరుసగా చదివితే ఇంకో నష్టం, భాగాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. ‘హంగర్ గేమ్స్’ రెండో భాగం చివరి వాక్యంలో ఒక భయంకరమైన వార్త చెప్పి పుస్తకం మూసేస్తుంది. 2009 సెప్టెంబరులో అది చదివినవాళ్లు మరుసటి ఆగస్టు దాకా ఆ ఒక్క వాక్యంతో బతికారు. వెంటనే మూడో భాగం తీసేవాళ్లకు ఆ వాక్యం అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య గడపలాంటిది, దాటేస్తారు.

డబ్బు లెక్క కూడా ఉంది. మొదటి భాగం ఎలా అమ్ముడైందన్నదాన్ని బట్టే ప్రచురణకర్తలు తర్వాతి భాగాలకు ఎంత ప్రచారం చేయాలో, ఎన్ని ప్రతులు వేయాలో నిర్ణయిస్తారు. ముందస్తు ఆర్డర్లు విడుదలైన మొదటి వారం అమ్మకాల్లో కలుస్తాయి కాబట్టి వాటికి అంత విలువ. కొత్త రచయిత సిరీస్ నచ్చినవాళ్లందరూ ‘పూర్తయ్యాక కొందాం’ అనుకుంటే, పూర్తికాకుండానే ఆగిపోయే ప్రమాదం ఉంది. పేరున్న రచయితలకు ఇది పెద్ద భయం కాదు. మొదటి నవలతో వచ్చినవాళ్లకు ప్రాణసంకటం. కొనే స్తోమత లేకపోతే లైబ్రరీలో ఆ పుస్తకం తెప్పించమని అడగడం కూడా సాయమే, ఎందుకంటే లైబ్రరీలు కొనే ప్రతులూ అమ్మకాలే.

మరి మరచిపోవడం సంగతి? దానికి మందు ఉంది. ఒక భాగం ముగించిన రోజే, వేడి తగ్గకముందే, ఒక పేజీలో మూడు విషయాలు రాసిపెట్టుకోవాలి: ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏ రహస్యం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు. కథాసారం అక్కరలేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. రహస్యాల పట్టికే ముఖ్యం, ఎందుకంటే రెండో భాగంలో ఉద్రిక్తత అంతా దాని మీదే నడుస్తుంది. కొత్త భాగం చేతికొచ్చినప్పుడు ఆ పేజీ చూసుకుని, పాత పుస్తకంలో చివరి అయిదారు అధ్యాయాలు మళ్లీ చదివితే చాలు. మొత్తం తిరిగి చదవాలనుకుంటే చదవండి, కానీ దాన్ని నియమంగా పెట్టుకుంటే నాలుగో భాగం వచ్చేసరికి కొత్త పుస్తకం మొదలుపెట్టడమే భారమవుతుంది.

భాగానికి భాగం విడిగా నిలబడే సిరీస్‌ల విషయంలో అసలు చర్చే అక్కరలేదు. మెగన్ వాలెన్ టర్నర్ ‘క్వీన్స్ థీఫ్’ మొదటి పుస్తకం 1996లో, ఆరోది, చివరిది, 2020లో వచ్చాయి. మధ్యలో 24 ఏళ్లు. ప్రతి పుస్తకానికీ దాని కథ ముగుస్తుంది, తర్వాతిది కొంత కాలం గడిచాక, తరచు మరొకరి కళ్లతో మొదలవుతుంది. వీటికోసం ఆగడమంటే చేతిలో ఉన్న పూర్తి నవలను ఊరికే వదులుకోవడం.

ఎదురుచూపు భరించలేం, పెద్ద సిరీస్‌కు కట్టుబడలేం అనేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది రెండు భాగాల కథలు. లీ బార్డుగో ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ 2015లో, దాని రెండో భాగం ‘క్రుకెడ్ కింగ్‌డమ్’ 2016లో వచ్చాయి. ఆరుగురు నేరగాళ్లు, ఒక దోపిడీ, దాని పర్యవసానం. సాగదీసే మధ్య భాగం అనేదే లేదు. త్రయాల్లో చాలావాటికి రెండో పుస్తకమే జబ్బు, పాత్రలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిపించడంతోనే సగం పేజీలు గడుస్తాయి. రెండు భాగాల కథకు అంత తీరిక ఉండదు. ఒక్క పుస్తకంలో ముగిసే నవలల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, రెండు సిరీస్‌ల మధ్య వాటిని ఉంచుకుంటే మనసు తేలికపడుతుంది.

పూర్వకథలు వచ్చాక ఇంకో తగవు మొదలైంది. కథాకాలం ప్రకారం ముందు జరిగినది ముందు చదవాలా, అచ్చయిన వరుసలో చదవాలా? ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు, అచ్చయిన వరుసే. 2025లో వచ్చిన ‘సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్’ కథ మొదటి ‘హంగర్ గేమ్స్’కు 24 ఏళ్ల ముందు, నాయిక కాట్నిస్‌కు శిక్షకుడైన హేమిచ్ కుర్రవాడిగా పాల్గొన్న 50వ క్రీడల్లో (ప్రభుత్వం పిల్లలను ఒకరినొకరు చంపుకొమ్మని దింపి టీవీలో చూపించే పోటీలు) జరుగుతుంది. ఆ క్రీడల టేపును రెండో భాగం ‘క్యాచింగ్ ఫైర్’లో కాట్నిస్, ఆమె తోటి పోటీదారు పీటా కూర్చుని చూస్తారు. మనమూ వాళ్లతోపాటు చూసి, హేమిచ్ గురించి ఒక అభిప్రాయానికి వస్తాం. ఆ టేపులో ఏం చూపించారు, ఏం దాచారు అన్నది కొత్త పుస్తకం చెబుతుంది. కొత్తది ముందు చదివినవాళ్లకు టేపు అబద్ధమని మొదటి నుంచే తెలుసు, కాబట్టి మోసపోయే అవకాశమే లేదు. ప్రభుత్వం చూపించింది నమ్మి తర్వాత ఉలిక్కిపడటమే ఆ రెండు పుస్తకాల మధ్య ఉన్న సంబంధం.

కాబట్టి కొత్త సిరీస్ జాబితాలోకి వచ్చినప్పుడు నేను చూసేది మొదటి భాగం ఎలా ముగిసిందన్నది. కథ తెలియకుండానే ఇది తెలుసుకోవచ్చు, ముందే చదివినవాళ్లను ‘ముగిసిందా, ఆగిందా?’ అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. ముగిసిందంటే వెంటనే చదువుతాను. ఆగిందంటే, తర్వాతి భాగానికి తేదీ ప్రకటించి, అది ఏడాది లోపు ఉంటే అప్పటికీ చదువుతాను. తేదీ లేకుండా నడిమధ్యలో ఆగిన కథ ఒక్కటే పక్కన పెడతాను, అదీ రెండో భాగం వచ్చేవరకే. చివరి భాగం దాకా మాత్రం ఆగను.