రౌటర్ మారితే ప్లాటర్ పరిస్థితి ఏంటి: చాలా కాలం వాడాక నా రివ్యూ

ప్లాటర్ అంటే పెద్ద డ్రాయింగ్‌లు తీసే వెడల్పాటి ప్రింటర్. నేను వాడేది 24 ఇంచుల ఇంక్‌జెట్ ప్లాటర్, రోల్ పేపర్‌ది. ఎ1 డ్రాయింగ్ అంటే 594 × 841 మిల్లీమీటర్లు కాబట్టి అది హాయిగా వచ్చేస్తుంది, ఎ0 కావాలంటే మాత్రం 36 ఇంచుల మెషీనే తీసుకోవాలి. ప్రింట్ విషయంలో నాకు కంప్లయింట్ ఏమీ లేదు, సన్న గీతలు ఇప్పటికీ కొత్తలో ఎలా వచ్చాయో అలాగే వస్తున్నాయి, అప్పుడప్పుడు నాజిల్ చెక్, అంటే ఇంక్ వచ్చే సన్న రంధ్రాలు మూసుకుపోలేదని చూసే టెస్ట్, చేసుకుంటే చాలు. కొత్తగా కొన్నవాళ్ళు రాసే రివ్యూల్లో ఇవన్నీ ఎలాగూ దొరుకుతాయి కదా. కానీ ఇలాంటి మెషీన్ కొంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, ఈలోపు ఇంటర్నెట్ కనెక్షన్ మారుతుంది, రౌటర్ మారుతుంది, కంప్యూటర్లు మారతాయి, అలా మారిన ప్రతిసారీ ప్లాటర్ ఎంత తేలిగ్గా మళ్ళీ లైన్లోకి వస్తుందనేది ఎవరూ రాయడం లేదు. నా దగ్గర ఈమధ్య మళ్ళీ రౌటర్ మారింది, అందుకని దాని గురించే రాస్తున్నా.

ముందు చెప్పాల్సింది, ప్లాటర్ ప్యానెల్ మీద వైఫై గుర్తు వెలుగుతోంది, కనెక్టెడ్ అని కూడా ఉంది, అయినా కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్ అని వస్తోందంటే అది మెషీన్ పాడవడం కాదు, సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేసే పని కూడా కాదు. ఎక్కువసార్లు అడ్రస్ గొడవే, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌కి ఉండే ఐపీ అడ్రస్ అనే నంబర్‌ది. పాత రౌటర్ 192.168.1 తో మొదలయ్యే అడ్రస్‌లు ఇచ్చేది అనుకోండి, ప్లాటర్‌కి అప్పట్లో 192.168.1.50 అని మాన్యువల్‌గా పెట్టి ఉంటారు. కొత్త రౌటర్ 192.168.0 తో మొదలుపెడుతుంది. ప్లాటర్ వైఫైకి కనెక్ట్ అయింది నిజమే, కానీ పాత వీధి అడ్రస్ పట్టుకుని కొత్త వీధిలో కూర్చున్నట్టు, ఎవరు పిలిచినా దానికి అందదు. ప్యానెల్‌లో నెట్‌వర్క్ మెనూలోకి వెళ్ళి ఐపీ అడ్రస్ చూడండి, కంప్యూటర్ అడ్రస్ కూడా చూడండి, మామూలు సెట్టింగ్స్‌లో మొదటి మూడు అంకెల గుంపులు రెండిట్లో ఒకటే ఉండాలి. ప్లాటర్‌లో 169.254 తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే రౌటర్ దానికి అసలు అడ్రసే ఇవ్వలేదని అర్థం, అప్పుడు కేబులో వైఫై పాస్‌వర్డో చూసుకోవాలి.

నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీయమని చాలామంది చెప్తారు. చిన్న ప్రింటర్‌కైతే సరే, రోల్ మెషీన్‌లో దానికోసం కూడా పేపర్ కట్ అయిపోతుంది, అందుకే ప్యానెల్‌లోనే చదువుకోవడం మేలు. నా మెషీన్‌లో ప్యానెల్ చిన్నదే గానీ అడ్రస్ నేరుగా చూపిస్తుంది, ఇన్నాళ్ళలో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆ ఒక్క స్క్రీనే.

అడ్రస్ తేడా ఉందని తేలితే రెండు దార్లు. ప్లాటర్‌లో మాన్యువల్ తీసేసి ఆటోమేటిక్, అంటే అడ్రస్ రౌటరే ఇచ్చే డీహెచ్‌సీపీ పెట్టేయడం ఒకటి. రెండోది, ఆఫీసులో మాన్యువల్ అడ్రస్‌లు పెట్టిన మెషీన్లు చాలా ఉంటే, కొత్త రౌటర్ సెట్టింగ్స్‌లోకే వెళ్ళి దాని లాన్ అడ్రస్‌ని, అంటే ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో దాని సొంత అడ్రస్‌ని, పాత రౌటర్ అడ్రస్‌గా మార్చేయడం, అప్పుడు ఏ మెషీన్‌నీ ముట్టుకోకుండానే అన్నీ ఎక్కడివక్కడ పనిచేస్తాయి. నాకైతే రెండోదే నచ్చింది, చాలా తక్కువ టైమ్‌లో అయిపోయింది.

ఇంకోటి, మాన్యువల్ సెట్టింగ్‌లో అడ్రస్ ఒక్కటే మార్చి వదిలేస్తే గేట్‌వే (ఇంటర్నెట్‌కి దారి చూపే అడ్రస్), డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లకి అడ్రస్ వెతికి పెట్టేది) పాత రౌటర్‌వే ఉండిపోతాయి. అప్పుడు పక్క కంప్యూటర్ నుంచి ప్రింట్ బాగానే వస్తుంది, కానీ ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, క్లౌడ్ ప్రింట్ లాంటివి పనిచేయవు, ఎందుకో అర్థంకాక జనం తల పట్టుకుంటారు. మూడూ కలిపి చూసుకోండి.

వైఫై విషయానికొస్తే, కొత్త రౌటర్‌లో పాత పేరు, పాత పాస్‌వర్డ్, పాత సెక్యూరిటీ రకం అచ్చం అలాగే పెడితే ప్లాటర్ దానంతట అదే కనెక్ట్ అయిపోతుంది, ఆ చిన్న ప్యానెల్‌లో బాణం గుర్తులు నొక్కుతూ ఒక్కో అక్షరం కొట్టే బాధ తప్పుతుంది. ఇందులో సెక్యూరిటీ రకం ముఖ్యం. కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టి ఉంటే పాత ప్లాటర్లకి అది రాదు, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మోడ్ పెట్టాలి, కొన్ని మెషీన్లు దానికీ ఒప్పుకోవు, అప్పుడు వట్టి డబ్ల్యూపీఏ2 యే. అలాగే చాలా ప్లాటర్లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి, రౌటర్ 2.4, 5 రెండిటికీ ఒకటే పేరు పెట్టి నడుపుతుంటే కొన్ని మెషీన్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, పేర్లు విడగొడితే సరిపోతుంది. గెస్ట్ వైఫైకి మాత్రం కనెక్ట్ చేయకండి, అందులో ఒక మెషీన్‌కి ఇంకో మెషీన్ కనబడకుండా రౌటరే అడ్డుకుంటుంది.

ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు ఇచ్చిన బాక్స్ ఒకటి, దాని వెనక మనం కొన్న రౌటర్ ఒకటి ఉన్నచోట ఇంకో తిప్పలు. కంప్యూటర్లు ఒకదానికి, ప్లాటర్ ఇంకోదానికి కనెక్ట్ అయి ఉంటాయి, రెండిట్లోనూ ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, ప్రింట్ మాత్రం చాలాసార్లు వెళ్ళదు. మన రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే అడ్రస్‌లు తను ఇవ్వకుండా వట్టి వైఫై మాత్రం ఇచ్చేలా పెట్టేస్తే అంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది.

ఇక కంప్యూటర్ వైపు. ఇక్కడే చాలామంది ప్రింటర్‌ని డిలీట్ చేసి మళ్ళీ యాడ్ చేస్తారు, నేను అసలు వద్దంటాను. క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) ఫైళ్ళలో పేజ్ సెటప్‌లన్నీ ప్రింటర్ పేరు మీదే సేవ్ అయి ఉంటాయి, మళ్ళీ యాడ్ చేస్తే పేరు చివర కాపీ 1 అనో ఇంకోటో తగులుతుంది, ఇక పాత డ్రాయింగ్ ఏది తెరిచినా ప్రింటర్ దొరకలేదంటుంది, పేపర్ సైజులు కూడా మళ్ళీ పెట్టుకోవాలి. దీనికి బదులు విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్స్ ట్యాబ్‌లో కొత్త అడ్రస్‌తో స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఒకటి (ప్రింట్ ఏ అడ్రస్‌కి పంపాలో విండోస్‌కి చెప్పేది) యాడ్ చేసి దానికి టిక్ పెట్టండి. పేరు మారదు, సెట్టింగ్స్ పోవు, డ్రాయింగ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ ఒక్క పద్ధతి తెలిసి ఉండటం వల్ల నాకు మిగిలిన టైమ్ చాలా ఎక్కువ.

పోర్ట్ మార్చాక కూడా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే, ఆ పోర్ట్ కాన్ఫిగర్ చేసే చోట ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అని ఒక టిక్ ఉంటుంది, అది తీసేసి చూడండి. అది ఉంటే నువ్వు ఉన్నావా అని విండోస్ ప్లాటర్‌ని అడుగుతుంది, ఆ ప్రశ్నకి ప్లాటర్ జవాబు ఇవ్వకపోతే విండోస్ అది లేదనుకుంటుంది, నిజానికి ప్రింట్ డేటా వెళ్ళేది వేరే దారిలో, మామూలుగా 9100 అనే నంబర్ ఉన్న దారిలో. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్ వాడేవాళ్ళకి ఈ బాధ తక్కువ, అది మామూలుగా పేరుతోనే వెతుక్కుంటుంది కాబట్టి అడ్రస్ మారినా పట్టేసుకుంటుంది, రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు.

తప్పు ఎటువైపు ఉందో తెలియకపోతే బ్రౌజర్‌లో ప్లాటర్ ఐపీ అడ్రస్ కొట్టండి. ప్లాటర్ సొంత పేజీ తెరుచుకుందంటే నెట్‌వర్క్ బాగున్నట్టే, ఇక చూడాల్సింది కంప్యూటర్‌లో పోర్ట్, డ్రైవర్. తెరుచుకోలేదా, కంప్యూటర్‌లో పోర్ట్, డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, ముందు రౌటర్, ప్లాటర్ సంగతి తేల్చుకోవాలి.

అంతా సర్దుకున్నాక ప్లాటర్‌ని ఆటోమేటిక్‌లో పెట్టి, రౌటర్‌లోకి వెళ్ళి ప్లాటర్ మ్యాక్ అడ్రస్‌కి (మ్యాక్ కంప్యూటర్‌తో సంబంధం లేదు, మెషీన్‌కి కంపెనీ వాళ్ళే ఇచ్చే గుర్తింపు నంబర్) ఒక ఐపీ రిజర్వ్ చేసేయండి, అంటే ఎప్పుడూ అదే అడ్రస్ ఇచ్చేలా పెట్టేయండి. ప్లాటర్‌లో మాన్యువల్‌గా పెట్టడం కన్నా ఇది ఎందుకు మేలంటే, రేపు మళ్ళీ రౌటర్ మారినా ప్లాటర్ కొత్త అడ్రస్ తనే తీసుకుంటుంది, పాతదాన్ని పట్టుకుని వేలాడదు. కేబుల్‌కి ఒక మ్యాక్ అడ్రస్, వైఫైకి ఇంకోటి ఉంటాయి, మీరు వాడేదే రాసుకోండి.

నేను మాత్రం చివరికి కేబుల్ మీదే స్థిరపడ్డాను. ఎ1 కలర్ షీట్ 600 డీపీఐలో (ఇంచుకి 600 చుక్కలు) కంప్రెస్ చేయకుండా లెక్కేస్తే 800 ఎంబీ దాటుతుంది, వైఫై బలహీనంగా ఉంటే అంత డేటా ఆగి ఆగి వెళ్తుంది, మధ్యలో ఇంక్ చల్లే హెడ్ ఆగితే ఆ చోట పట్టీలా కనబడే ప్రమాదం ఉంది, షీట్ మొత్తం వేస్ట్. కేబుల్ అయితే పాస్‌వర్డ్ గొడవ లేదు, బ్యాండ్ గొడవ లేదు, 100 మీటర్ల వరకు లాగొచ్చు. చాలా మోడళ్ళలో కేబుల్ పెట్టగానే వైఫై దానంతట అదే ఆఫ్ అవుతుంది, కంగారు పడొద్దు.

ఇంకో జాగ్రత్త. రౌటర్ మార్చేటప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డ్ స్విచ్ ఠపీమని ఆపేయకండి, ప్లాటర్ కూడా దాని మీదే ఉంటే హెడ్ దాని మూత కిందకి చేరకుండానే ఆగిపోతుంది, అలాగే వదిలేస్తే ఇంక్ ఎండిపోయి నాజిల్స్ మూసుకుపోతాయి. ముందు ప్లాటర్‌ని దాని పవర్ బటన్‌తో ఆపండి.

రీసెట్ కొట్టాల్సి వస్తే నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ మాత్రమే కొట్టండి, ఫ్యాక్టరీ రీసెట్ కొడితే మోడల్‌ని బట్టి పేపర్ సెట్టింగ్స్ లాంటివి కూడా ఎగిరిపోవచ్చు. నా మెషీన్‌లో ఆ రెండూ వేర్వేరుగా ఉన్నాయి, అది నాకు బాగా నచ్చింది. నచ్చనిది ఏంటంటే ఆ ఆప్షన్ మెనూలో ఎక్కడో లోపల దాచేశారు, మాన్యువల్‌లోనూ దాని గురించి ఒక్క వాక్యమే.

కొనబోయేవాళ్ళు షాపులో శాంపిల్ ప్రింట్ చూడటంతో ఆపకుండా, ప్యానెల్‌లో ఐపీ అడ్రస్ చూపించమని, నెట్‌వర్క్ ఒక్కటే రీసెట్ అయ్యే ఆప్షన్ ఉందేమో చూపించమని అడగండి. నాదైతే ఇప్పటికీ ఎవరికైనా ధైర్యంగా కొనమని చెప్తా. కేబుల్ పెట్టే లాన్ పోర్ట్ లేకుండా వట్టి వైఫైతో వచ్చే మోడల్ అయితే, ప్రింట్ ఎంత బాగున్నా నేను తీసుకోను.