యాంటీబయాటిక్స్ వాడాక పేగులకు ఏది మేలు: ప్రోబయాటిక్ క్యాప్సూలా, పులియబెట్టిన ఆహారమా, ఊరికే వదిలేయడమా?

యాంటీబయాటిక్ మొదలుపెట్టామంటే పక్కనే ఒక ప్రోబయాటిక్ క్యాప్సూల్ (బతికున్న మంచి సూక్ష్మజీవులు ఉన్న మాత్ర) కూడా వేసేసుకోవడం చాలామందికి అలవాటైపోయింది. మందు మంచి బ్యాక్టీరియాని కూడా చంపేస్తుంది కాబట్టి ఇది మళ్లీ నింపుతుందని లెక్క. వినడానికి బాగానే ఉంది గానీ ఇందులో రెండు ప్రశ్నలు కలగాపులగం అయిపోయాయి. కోర్సు నడుస్తుండగా మోషన్స్ పట్టుకోకుండా చూసుకోవడం ఒకటి, కోర్సు అయ్యాక మన పాత బ్యాక్టీరియా తిరిగి రావడం ఇంకొకటి.

మొదటిదాంట్లో క్యాప్సూల్‌కి కొంత బలం ఉంది. 2012లో జామా జర్నల్‌లో 63 ట్రయల్స్‌ని కలిపి చూస్తే విరేచనాల రిస్క్ 42 శాతం దాకా తగ్గినట్టు తేలింది. సరే అనుకునేలోపు 2013లో బ్రిటన్ నుంచి ప్లాసిడ్ ట్రయల్ వచ్చింది. 65 ఏళ్లు దాటి ఆసుపత్రిలో ఉన్న దాదాపు 3,000 మందిలో ప్రోబయాటిక్‌కీ డమ్మీకీ తేడా ఏమీ కనబడలేదు. కాబట్టి మరీ ఘనంగా చెప్పుకోలేం, తీసిపారేయనూ లేం.

రెండోదాంట్లో మాత్రం కథ అడ్డం తిరిగింది. ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2018లో 21 మందికి యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఏడుగురిని ఊరికే వదిలేశారు, ఎనిమిది మందికి 11 రకాల బ్యాక్టీరియా ఉన్న ప్రోబయాటిక్ ఇచ్చారు, మిగిలిన ఆరుగురికి మందుకి ముందే తీసి దాచిన వాళ్ల సొంత మలాన్నే మళ్లీ పేగుల్లోకి ఎక్కించారు (చదవడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, గెలిచింది అదే, కొన్ని రోజుల్లోనే పాత బ్యాక్టీరియా వచ్చేసింది). ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్ల పేగుల్లో ఆ కొత్త బ్యాక్టీరియా చక్కగా పాతుకుంది, కానీ ఖాళీ ఇంట్లో దిగిన అద్దెవాళ్లు అసలు ఓనర్నే రానివ్వనట్టు, పాత బ్యాక్టీరియా నెలల తరబడి పూర్తిగా తిరిగి రాలేదు. ఏమీ తీసుకోనివాళ్లే వీళ్లకంటే ముందు కోలుకున్నారు! చిన్న స్టడీయే, నిజమే, అయినా ఎండోస్కోపీతో పేగు గోడ దగ్గర నుంచే శాంపిల్స్ తీసి చూశారు కాబట్టి నేను దీనికి ఎక్కువ విలువ ఇస్తాను.

మరి పెరుగు, కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం), కిమ్చీ (పులియబెట్టిన కొరియా కూరగాయల పచ్చడి) లాంటివి? 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 36 మంది మీద 10 వారాలు చూశారు, సగం మందికి పీచు ఎక్కువున్న తిండి, సగం మందికి పులియబెట్టినవి. పులియబెట్టినవి తిన్నవాళ్లలో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఇన్‌ఫ్లమేషన్‌కి (ఒంట్లో వాపుకి) సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు వల్ల ఆ కొద్ది వారాల్లో అలాంటిదేమీ రాలేదు. అయితే తిన్నది రోజుకి ఒక స్పూను కాదు, సుమారు ఆరు సర్వింగ్‌లు, పైగా వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, యాంటీబయాటిక్ కోర్సు అప్పుడే ముగించినవాళ్లు కాదు.

అలాగని ప్రోబయాటిక్స్ అన్నీ దండగ అనను. సరైన బ్యాక్టీరియా సరైన చోటికి వెళ్తే ఫలితం ఉంటుంది. యోనిలో మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగే బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ జెల్ వాడాక లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ అనే మంచి బ్యాక్టీరియాని నేరుగా అక్కడే పెట్టిన ట్రయల్‌లో 12 వారాలకి సమస్య తిరగబెట్టింది 30 శాతం మందిలో, డమ్మీ వాడినవాళ్లలో 45 శాతం.

కొనేటప్పుడు లేబుల్ చూడండి. ఉత్త 'లాక్టోబాసిల్లస్' అని ఉంటే సరిపోదు, జాతి పేరు తర్వాత స్ట్రెయిన్ (ఆ జాతిలో ఫలానా రకం) గుర్తు ఉండాలి, రామ్నోసస్ జీజీ అన్నట్టు. ఎన్ని కోట్ల బ్యాక్టీరియా అన్న అంకె తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ నాటిదా అన్నది కూడా చూడాలి.

నా ఓటు: కోర్సు నడుస్తుండగా విరేచనాల భయం ఉంటే డాక్టర్ని అడిగి, ట్రయల్స్‌లో చూసిన స్ట్రెయిన్ ఏదైనా వాడొచ్చు. సాకరోమైసిస్ బౌలార్డీ అయితే ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు. కోర్సు అయ్యాక క్యాప్సూల్ ఆపేసి మామూలుగా తినండి, పులియబెట్టినవి పడితే అవీ తినండి. ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్లూ, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) పెట్టినవాళ్లూ మాత్రం ప్రోబయాటిక్ జోలికి సొంతంగా వెళ్లకూడదు, ఆ ఈస్టే రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చిన కేసులున్నాయి.