విద్యుదావేశం ఉన్నదా, లేనిదా: ప్రాజెక్టుకు ఏ కృష్ణబిలం?

గచ్చిబౌలి క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు యాంటీ డి సిట్టర్ (రుణ వక్రత ఉన్న విశ్వంలోని) కృష్ణబిలం తీసుకునేవారికి దారులు రెండు.

ఆవేశం లేనిది తేలిక. సహజ ప్రమాణాల్లో ఆ విశ్వపు వక్రతా వ్యాసార్థం 1 అయితే బిలానికి కనిష్ఠ ఉష్ణోగ్రత 0.276, 0.318 దగ్గర హాకింగ్-పేజ్ మార్పు, అంటే వికిరణం నుంచి పెద్ద బిలానికి పైచేయి మారడం. ఆ రెంటి మధ్య పెద్ద బిలం స్థిరమే, కానీ వికిరణానిదే పైచేయి.

ఆవేశం ఉన్నదే నా ఎంపిక. నీరు-ఆవిరిలా చిన్న, పెద్ద బిలాల మధ్య మార్పు ఇందులో కనిపిస్తుంది. ఆవేశం 1 అయితే ఆ మార్పు ఆగిపోయే సందిగ్ధ ఉష్ణోగ్రత 0.0433, పీడనం (విశ్వ వక్రత నుంచి వచ్చేది) 0.00332; ఆ పీడనాన్ని విశిష్ట ఘనపరిమాణంతో (బిలం వ్యాసార్థానికి రెట్టింపు) గుణించి ఆ ఉష్ణోగ్రతతో భాగిస్తే, వాన్ డర్ వాల్స్ వాయువుకున్న 3/8 అచ్చంగా వస్తుంది, ఎంత అందమో! పీడనాన్ని సగానికి తగ్గించి, గిబ్స్ శక్తి (ఏ స్థితి నిలుస్తుందో చెప్పేది) గ్రాఫును ఉష్ణోగ్రతతో కాక బిలం వ్యాసార్థంతో నడపండి. లేకపోతే మూడు శాఖలు కలగలిసి స్వాలోటెయిల్ (గ్రాఫులో చీలిన తోకలాంటి ఆకారం) చెదిరిపోతుంది. ఇక్కడ ద్రవ్యరాశి అంటే ఎంథాల్పీ (అంతర్గత శక్తికి పీడనం, ఘనపరిమాణాల లబ్ధం కలిపినది). ఆవేశానికి బదులు విద్యుత్ పొటెన్షియల్‌ను స్థిరంగా ఉంచితే ఈ మార్పే మాయం.