తెలుగు రాతకి ఏ ఇంకు పెన్ను మేలు? పైలట్, లామీ, ట్విస్బీ, రాజమండ్రి ఎబొనైట్

వెయ్యిన్నర నుంచి నాలుగు వేల రూపాయల మధ్యలో, రోజూ రాసుకోవడానికి ఇంకు పెన్ను కావాలని అడిగితే ఎక్కువగా వినిపించే పేర్లు మూడు: జపాన్ కంపెనీ పైలట్ వారి మెట్రోపాలిటన్, జర్మనీ లామీ సఫారీ, తైవాన్ ట్విస్బీ ఎకో. మామూలుగా మూడింట్లోకీ మెట్రోపాలిటన్ చవక, ఎకో ఖరీదు. వీటి పక్కన మనవాళ్లు తప్పక పెట్టి చూడాల్సిన నాలుగోది ఇంకొకటి ఉంది. రాజమండ్రిలో లేత్ మీద చేత్తో చేసే ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను.

వీటి మీద దొరికే పోలికలు దాదాపు అన్నీ ఇంగ్లీషు రాతని బట్టి చేసినవి. తెలుగు రాసేవాళ్లకి లెక్క మారుతుంది, రెండు కారణాల వల్ల.

ఒకటి, మన అక్షరాల్లో లోపలి ఖాళీలు చిన్నవి. ర మధ్యలో చుక్క పెడితే ఠ. ద మధ్యలో చుక్క పెడితే థ, కింద చిన్న గీత గీస్తే ధ. ఒక మాదిరి రూళ్ల నోట్‌బుక్కులో లావు పాళీతో థ రాసి చూడండి. చుక్క చుట్టూ ఉన్న తెలుపు పూడిపోయి ఇంకు మరకలా కనిపిస్తుంది. ఘ, ఝ, ఱ కూడా ఇంతే. ఇక ఒత్తులు రెండు రూళ్ల సందులో ఇరుక్కుని, కింది వరసలో గుడి పడితే దాని మీద ఎక్కి కూర్చుంటాయి.

రెండు, మనం పెన్ను చాలాసార్లు ఎత్తుతాం. ఇంగ్లీషు కలిపిరాతలో పదం మొత్తం ఒక్క ఊపులో వెళ్లిపోతుంది. 'రాష్ట్రం' అని రాయాలంటే అక్షరానికి, దీర్ఘానికి, టవత్తుకి, క్రావడికి, సున్నకి పెన్ను లేస్తూ దిగుతూ ఉంటుంది. దిగిన ప్రతిసారీ ఇంకు వెంటనే అందుకోవాలి. మొదటి మిల్లీమీటరు తడవని పాళీతో ఇంగ్లీషు ఎలాగోలా నెట్టుకురావచ్చుగానీ, తెలుగులో సగం ఒత్తులు ఎగిరిపోతాయి. పైగా తలకట్టులో రెండో గీత కిందినుంచి పైకి, అంటే పాళీని తోస్తూ గీసేది. పాళీ రెండు రెక్కల్లో ఒకటి వెంట్రుకవాసి కిందికి ఉన్నా ఆ గీత దగ్గర కాగితాన్ని గీరుతుంది.

అందుకని బాడీ రంగు, క్లిప్పు అందం తరవాత. సన్నగా రాయాలి, తాకగానే రాయాలి. ముందు చూడాల్సినవి ఇవే.

పాళీ మీద ఎఫ్ అని ఉంటే సన్నం, ఎమ్ అంటే మధ్యరకం, ఈఎఫ్ అంటే బాగా సన్నం. కానీ ఈ అక్షరాలు కంపెనీ కంపెనీకీ మారతాయి. జపాన్ ఎఫ్ దాదాపు జర్మన్ ఈఎఫ్ అంత సన్నం. కాబట్టి పైలట్ ఎఫ్‌తో పోల్చాల్సింది లామీ ఈఎఫ్‌నే. లామీ ఈఎఫ్ కూడా ఒక్కోసారి అనుకున్నదానికంటే లావుగానే పడుతుంది, రెండు మూడు రాసి చూసి ఎంచుకోవడం మంచిది. షాపులో ఎమ్ ఒక్కటే ఉందంటే తెలుగు కోసమైతే సర్దుకుపోవద్దు.

మెట్రోపాలిటన్

ఇత్తడి బాడీ, దాదాపు 26 గ్రాముల బరువు. ఎఫ్ పాళీ పెట్టెలోంచి తీసింది తీసినట్టు సన్నగా, నున్నగా రాస్తుంది. ఈ ధరలో ఇంత నమ్మకంగా రాసే పాళీ మరొకటి చెప్పడం కష్టం. థ లో చుక్క చుక్కలాగే ఉంటుంది.

లోపాలు రెండు. పట్టుకునే మెడకీ బాడీకీ మధ్య ఒక మెట్టు ఉంది. పెన్నుని పైకి పట్టుకునేవాళ్లకి ఆ అంచు బొటనవేలికి ఒత్తుకుంటుంది, మూడో పేజీకి తెలుస్తుంది. కొనేముందు మీరు మామూలుగా ఎక్కడ పట్టుకుంటారో అక్కడే పట్టుకుని చూడండి, పెన్నుకి తగ్గట్టు చెయ్యి జరపకండి. రెండోది ఇంకు. కాన్-40 కన్వర్టర్‌లో (బుడ్డిలోంచి ఇంకు పీల్చి పెన్ను లోపల ఉంచే చిన్న గొట్టం) పట్టేది సుమారు 0.4 మిల్లీలీటర్లు, అదీ ఒక్క తిప్పుకి నిండదు. సగం పీల్చాక పాళీ పైకి ఉండేలా నిలబెట్టి, గాలి బయటికి పోయేదాకా నాబ్ నెమ్మదిగా తిప్పి, మళ్లీ బుడ్డిలో ముంచి పీల్చాలి. పెద్దదైన కాన్-70 ఇందులో పట్టదు.

దీనికి చవకైన మందు ఒకటుంది. పైలట్ క్యాట్రిడ్జ్, అంటే ఇంకు నింపి అమ్మే చిన్న ప్లాస్టిక్ గొట్టం, ఖాళీ అయ్యాక పారేయకుండా కడిగి, మొండి సూది ఉన్న సిరంజితో ఇంకు ఎక్కించండి. అందులో 0.9 దాకా పడుతుంది, అంటే కన్వర్టర్‌కి రెట్టింపు పైనే. నోరు వదులయ్యే వరకు చాలాసార్లు వాడుకోవచ్చు. వదులయ్యాక మాత్రం మొహమాటపడకుండా మార్చేయాలి, లేకపోతే మెడలోకి కారుతుంది.

అసలు ఇత్తడి బరువే వద్దనుకుంటే అదే కంపెనీ కకునో చూడండి. ప్లాస్టిక్, ఇంకా చవక, పాళీ అదే కొలత, కాన్-70 కూడా పడుతుంది. పాళీ మీద నవ్వు మొహం బొమ్మ ఉంటుంది. పిల్లల కోసం చేసిన పెన్ను అది. ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

సఫారీ

1980 నుంచి దాదాపు అదే రూపం. గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్, సుమారు 17 గ్రాములు, వంగే పెద్ద తీగ క్లిప్పు, ఇంకు ఎంత ఉందో కనిపించే చిన్న కిటికీ. కింద పడినా, సంచిలో తాళాలతో కలిసి నలిగినా తట్టుకుంటుంది.

దీన్ని కొనాలా వద్దా తేల్చేది మెడ మీది చదును పట్టు. వేళ్లు ఫలానా చోటే ఉండాలని అది పట్టుబడుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మీద మూడు చోట్ల పెన్ను ఆనించి పట్టుకునేవాళ్లకి హాయి. పెన్నుని కాస్త తిప్పి పట్టుకునే అలవాటున్నవాళ్లకి, బొటనవేలు అడ్డంగా వేసేవాళ్లకి ఇది నరకం. అలవాటైపోతుందిలే అని కొనకండి, చాలామందికి అవ్వదు.

దీని అసలు బలం పాళీ మార్పు. పాళీ మీద సెల్లోటేప్ ముక్క అంటించి, నిటారుగా ముందుకి లాగితే ఊడొస్తుంది. కొత్తది నాలుక మీద (పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే ముక్క) పెట్టి వెనక్కి తోస్తే సరి. ఎమ్ పాళీతో బహుమతిగా వచ్చిన సఫారీకి ఈఎఫ్ పాళీ విడిగా కొని వేసుకోవచ్చు, పెన్ను మార్చక్కర్లేదు. కన్వర్టర్ మాత్రం చాలాసార్లు పెట్టెలో ఉండదు, జెడ్28 విడిగా కొనాలి. ఆ డబ్బు కూడా ధరలో కలిపి చూసుకోండి.

నకిలీలు ఎక్కువగా ఉన్నది కూడా ఈ పెన్నుకే. సగం ధరకి వస్తుందంటే అనుమానించాల్సిందే.

ఎకో

ఇది పిస్టన్ పెన్ను. క్యాట్రిడ్జ్, కన్వర్టర్ అనే గొడవ లేదు. వెనక నాబ్ తిప్పితే బాడీయే ఇంకు పీలుస్తుంది, 1.7 మిల్లీలీటర్ల దాకా. అంటే కాన్-40 నాలుగుసార్లు నింపినంత. రోజూ పది పేజీలు నోట్సు రాసే గ్రూప్స్ అభ్యర్థులకి, కోర్టు కాగితాలు రాసేవాళ్లకి ఇదొక్కటే చాలు కారణం. బాడీ పారదర్శకం కాబట్టి పరీక్ష మధ్యలో ఇంకు అయిపోయి తెల్లబోయే పని లేదు. మరమూత లోపల మంచి బిగింపు ఉంది. వారం పది రోజులు ముట్టుకోకపోయినా తీయగానే రాయడానికి కారణం అదే.

మూత వెనక తగిలించుకుని రాసే అలవాటుంటే జాగ్రత్త. బరువు వెనక్కి పోతుంది. పైగా మూత తిప్పుతూ బిగిస్తే కింద ఉన్న పిస్టన్ నాబ్ కూడా తిరిగి పాళీలోంచి చుక్క రాలే వీలుంది. నెలలు గడిచాక పిస్టన్ బిగుసుకుపోతే బలంగా తిప్పకండి. పెన్నుతో పాటు సిలికాన్ గ్రీజు సీసా, చిన్న రెంచ్ ఇస్తారు. రెంచ్ దాకా వెళ్లక్కర్లేదు. పాళీ, నాలుక కలిపి ముందుకి లాగి తీసి, టూత్‌పిక్ కొసకి ఆవగింజంత గ్రీజు తీసుకుని లోపలి గోడకి రాసి, నాలుగైదుసార్లు పిస్టన్ ఆడిస్తే వదులవుతుంది. వాజిలిన్ వద్దు, రబ్బరు రింగుల్ని ఉబ్బిస్తుంది. స్పిరిట్‌తో తుడవడం కూడా వద్దు, పారదర్శక ప్లాస్టిక్‌కి పగుళ్లు రావచ్చు.

రాజమండ్రి ఎబొనైట్

ఇక్కడ పోలిక సమానం కాదు. అవి మూడూ ఫ్యాక్టరీ సరుకు, ఒక పెన్ను ఎలా ఉంటే వెయ్యో పెన్నూ అలాగే ఉంటుంది. ఇది చేతి పని. రత్నం పెన్నులు 1932లో, స్వదేశీ కాలంలో మొదలయ్యాయి. కె.వి. రత్నం పంపిన పెన్ను వాడి గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఆ ఊళ్లోనే గైడర్ పేరుతోనూ పెన్నులు చేస్తున్నారు.

ఎబొనైట్ అంటే సహజ రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి చాలాసేపు వేడిచేస్తే తయారయ్యే గట్టి పదార్థం. మూత తీస్తే కాలిన రబ్బరు వాసన కాస్త వస్తుంది, కంగారుపడకండి. చేతిలో వెచ్చగా, జారకుండా ఉంటుంది. చెమట చేతులవాళ్లకి నున్నటి ప్లాస్టిక్ మెడ కంటే ఇది ఎంతో సుఖం. ఎండలో వదిలేసినా, నీళ్లలో నానబెట్టినా మాత్రం నలుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది.

పాత పద్ధతి పెన్నుల్లో ఇంకు డ్రాపర్‌తో నేరుగా గొట్టంలోకే పోస్తారు, సైజుని బట్టి రెండు మూడు మిల్లీలీటర్లు. ఎకో కూడా దీని ముందు చిన్నదే. కానీ ఇంకు మూడో వంతుకి దిగాక మిగతా గొట్టమంతా గాలి. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని నాలుకలోంచి తోస్తుంది, పెన్ను కాగితం మీద కక్కుతుంది. మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ఇది దాదాపు ఖాయం. మూడో వంతు మిగలగానే మళ్లీ నింపడం ఒక్కటే దారి. మెడ మరలకి సిలికాన్ గ్రీజు పలచగా రాయకపోతే వేళ్లు నీలమవుతాయి. ఇంత తంటా వద్దనుకుంటే కన్వర్టర్, జర్మన్ పాళీ ఉన్న రకాలు అడగండి, అవీ చేస్తున్నారు. ధర పెరుగుతుంది, ఇంకు పట్టేది తగ్గుతుంది, కక్కడం చాలావరకు పోతుంది.

చేతి పెన్నులో ఉన్న గొప్ప సౌకర్యం ఎబొనైట్ నాలుక. పాళీకీ నాలుకకీ మధ్య సందు పడితే ఇంకు తెగిపోతుంది. ప్లాస్టిక్ నాలుకైతే అది మార్చాల్సిందే. ఎబొనైట్ నాలుకని సరిచేయొచ్చు: పొంగు చల్లారిన వేడి నీళ్లలో పాళీ, నాలుక మునిగేలా పదిహేను ఇరవై సెకన్లు ఉంచి, బయటికి తీసి, గుడ్డ అడ్డంపెట్టి నాలుకని కిందినుంచి బొటనవేలితో పాళీకేసి అదమాలి. కొన్ని సెకన్లు అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచాలి. సందు మూసుకుందో లేదో వెలుతురుకి ఎదురుగా పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. మెడ, గొట్టం మాత్రం వేడి నీళ్లలో పెట్టకండి, రంగు మారుతుంది.

చేతి పని కాబట్టి తేడాలుంటాయి. మూత మర తిన్నగా ఎక్కుతోందా, పాళీ చీలిక నాలుక మధ్యగీతకి సూటిగా ఉందా చూసుకోవాలి. షాపుకి వెళ్లగలిగితే అక్కడే రాసి, గీరుకుంటోందనో లావుగా ఉందనో చెప్పి సరిచేయించుకోండి. పోస్టులో తెప్పించుకుంటే ఈ లాభం సగం పోయినట్టే.

మొదటి ఇంకు పెన్ను, రోజుకి రెండు మూడు పేజీలు అనుకుంటే మెట్రోపాలిటన్ ఎఫ్ కొనండి. రోజుకి ఐదారు పేజీలు దాటితే ఎకో, ఎఫ్ లేదా ఈఎఫ్. సఫారీ పట్టు సరిగ్గా కుదిరినవాళ్లకే, అదీ ఈఎఫ్‌తో. బల్ల దగ్గర కూర్చుని ఎక్కువగా రాసేవాళ్లు, పెన్నుని చూసుకునే ఓపిక ఉన్నవాళ్లు రాజమండ్రి వెళ్లొచ్చు. జేబులో పెట్టుకుని బైకు మీద తిరిగేవాళ్లకి డ్రాపర్ పెన్ను వద్దే వద్దు.

ఏది కొన్నా మొదట కడగాలి. తయారీ నూనె లోపల మిగిలితే ఇంకు తెగితెగి వస్తుంది, కొత్త పెన్ను పాడని చాలామంది వెనక్కి ఇచ్చేది దీనివల్లే. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి ఏడెనిమిదిసార్లు పీల్చి వదిలి, తరవాత మంచినీళ్లతో అలాగే చేసి, పాళీ కిందికి ఉండేలా గుడ్డలో నిలబెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. ఇంకు బ్రిల్, క్యామ్లిన్ లాంటి మామూలు ఇంకు పెన్ను ఇంకులు చాలు. డ్రాయింగ్ ఇంకు పోస్తే నాలుక సందుల్లో లక్కలా గట్టిపడుతుంది, ఇక వదలదు. వాషబుల్ నీలం రంగు నీళ్లు తగిలితే కొట్టుకుపోతుంది, చెక్కుల మీదా దస్తావేజుల మీదా రాయకండి.

షాపుకి వెళ్లేటప్పుడు మీరు రోజూ వాడే నోట్‌బుక్కులోంచే ఒక కాగితం చింపి తీసుకెళ్లండి. షాపువాళ్లు ఇచ్చే నున్నటి ప్యాడ్ మీద అన్ని పెన్నులూ బాగానే రాస్తాయి. పాళీ ఇంకులో ముంచి, అలవాటైన వేగంతో 'పీఠం, కథ, రాష్ట్రం, ఝషం' నాలుగైదుసార్లు రాయండి. ఠ, థ ల చుక్కలు విడిగా కనిపిస్తున్నాయా, ఏ ఒత్తూ సగం నుంచి మొదలవకుండా ఉందా, తలకట్టు పైకి గీసేటప్పుడు గరగర వినిపిస్తోందా చూడండి. తరవాత మూత తీసే ఉంచి రెండు నిమిషాలు షాపువాడితో ధర మాట్లాడి, మళ్లీ రాయండి. మొదటి అక్షరమే పడితే బిల్లు వేయించుకోండి.