అనువాదం చదివేవాళ్లకు ఏ స్కాలర్‌షిప్ నిజంగా పనికొస్తుంది?

అనువాద అధ్యయనాల్లో పీహెచ్‌డీ చేయాలనుకునే తెలుగు విద్యార్థి తెలుగు నేల దాటి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మూడూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి, మూడింట్లోనూ అనువాదానికి విభాగమో కేంద్రమో ఉంది. అయితే సీటు రావడం ఒక ఎత్తు, నెలనెలా ఖాతాలో డబ్బు పడటం మరో ఎత్తు. దొరికే సాయాల్లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు (జేఆర్‌ఎఫ్) సాటి వచ్చేది లేదు. తక్కినవి ఎవరికి పనికొస్తాయో చూసుకుని దరఖాస్తు చేయాలి.

2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌గా (ఎస్‌ఆర్‌ఎఫ్) మారితే 42,000. మొత్తం అయిదేళ్లు. దీనికి తోడు ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ), పుస్తకాలకూ ప్రయాణాలకూ కంటిన్‌జెన్సీ అనే అదనపు మొత్తం ఉంటాయి. యూనివర్సిటీ హాస్టల్లో గది తీసుకుంటే మాత్రం హెచ్‌ఆర్‌ఏ రాదు.

జేఆర్‌ఎఫ్ రావాలంటే యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి. చాలామంది తడబడేది ఈ మొదటి మెట్టు దగ్గరే. యూజీసీ నెట్ సబ్జెక్టుల జాబితాలో అనువాదం పేరుతో పేపరు లేదు. పీజీలో చదివిన సబ్జెక్టు జాబితాలో లేకపోతే దానికి దగ్గరి సబ్జెక్టులో రాయొచ్చని నిబంధనలే చెబుతున్నాయి. అంటే తెలుగు (కోడ్ 27), ఇంగ్లిష్ (30), లింగ్విస్టిక్స్ (31), కంపారటివ్ లిటరేచర్ (72), హిందీ (20), వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. లింగ్విస్టిక్స్‌లో రాస్తే ధ్వనిశాస్త్రం, వాక్యనిర్మాణం, అర్థవిజ్ఞానం గట్టిగా రావాలి. అనువాద సిద్ధాంతాల మీద పట్టు ఒక్కటే అక్కడ గట్టెక్కించదు. సాహిత్యం వైపు నుంచి వచ్చినవాళ్లకు తెలుగో కంపారటివ్ లిటరేచరో నయం. ఏది ఎంచుకున్నా, ముందు మీరు చేరదలచుకున్న విభాగం గత ఏడాది పీహెచ్‌డీ నోటిఫికేషన్ తీసి, ఏయే సబ్జెక్టుల జేఆర్‌ఎఫ్‌ను అంగీకరించిందో చదవండి. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లు పీజీ సబ్జెక్టులోగానీ దానికి సంబంధించిన సబ్జెక్టులోగానీ పరిశోధన చేయొచ్చని యూజీసీ అంటుంది, కానీ ఆ 'సంబంధం' ఉందో లేదో తేల్చేది విభాగమే. నెట్ ఫారం నింపాక ఈ సంగతి తెలుసుకుంటే ఆ విడత వృథా అయినట్టే.

పరీక్షలో 150 ప్రశ్నలకు 300 మార్కులు, మూడు గంటల సమయం, నెగటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. పీజీలో జనరల్ వాళ్లకు 55 శాతం, రిజర్వుడ్ వర్గాలకు 50 శాతం మార్కులుండాలి. వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకు అయిదేళ్ల సడలింపు ఉంది. పీజీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు. అవార్డు లెటర్ మూడేళ్లు చెల్లుతుంది. ఆ లోపు పీహెచ్‌డీలో చేరాలి, చేరడానికి గైడ్ దగ్గర ఖాళీ ఉండాలి. అనువాద విభాగాల్లో గైడ్లు తక్కువ. అందుకే ఫలితాల కోసం ఆగకుండా ముందే కలిసి మాట్లాడి, పరిశోధనాంశం మీద రెండు పేజీలు రాసి చేతిలో పెట్టడం మంచిది.

డబ్బు అందే తీరులోనే దీని అసలు లోపం కనిపిస్తుంది. మీరు నెలంతా పనిచేశారని యూనివర్సిటీలో ఒకరు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, మరొకరు ఆమోదించాలి. ఇద్దరిలో ఒకరు సెలవులో ఉంటే ఆ నెల ఆగిపోతుంది, తర్వాత బకాయిగా వస్తుంది. చేరిన తొలి నెలల్లో ఆలస్యం మామూలే కనుక మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి. బ్యాంకు ఖాతా సంగతి ఇంకొకటి. బ్యాంకుకు ఆధార్ నంబరు ఇచ్చినంత మాత్రాన ఆ ఖాతాకు డీబీటీ సీడింగ్ (ప్రభుత్వ డబ్బు నేరుగా పడేలా ఆధార్‌తో అనుసంధానం) అయినట్టు కాదు. రెండు మూడు ఖాతాలుంటే చివర సీడింగ్ చేసిన దాంట్లోకే డబ్బు పోతుంది. రాలేదని కంగారుపడే ముందు పాత ఖాతా ఒకసారి చూసుకోండి. రెండేళ్లు నిండేటప్పుడు ఎస్‌ఆర్‌ఎఫ్ కోసం ముగ్గురు సభ్యుల కమిటీ మదింపు ఉంటుంది. దాన్ని గడువుకు ముందే పెట్టించుకోవాలి.

అనువాద విద్యార్థికి బాగా కష్టం కలిగించే షరతు ఒకటుంది. ఫెలోషిప్ తీసుకుంటున్నంత కాలం మరో చోటు నుంచి వేతనం తీసుకోకూడదు. సబ్‌టైటిళ్లు, యాప్‌ల స్థానికీకరణ, కోర్టు పత్రాల అనువాదం, ఇలా చేయి తిరగడానికి కావలసిన పనులన్నీ డబ్బిచ్చే పనులే. రసాయనశాస్త్ర పరిశోధకుడికి ప్రయోగశాల లోపలే అనుభవం వస్తుంది, అనువాదకుడికి బయటే వస్తుంది. ఈ నిబంధనను అనువాద విభాగాలకైనా సవరించాలి. అంతవరకు ఏ చిన్న పని ఒప్పుకోవాలన్నా ముందు గైడ్‌నూ యూనివర్సిటీ కార్యాలయాన్నీ రాతపూర్వకంగా అడగాలి.

జేఆర్‌ఎఫ్ రాకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవాళ్లకు నాన్‌నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. ఒకే గదిలో ఒకే పని చేసే ఇద్దరి మధ్య ఇంత తేడా అన్యాయం. చేరాక కూడా వయసు ఉన్నంతకాలం నెట్ రాస్తూనే ఉండండి.

విదేశాల్లో చదవాలనుకునే ఎస్సీ విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొత్తం పరంగా చాలా మెరుగు. ట్యూషన్ ఫీజుతో పాటు ఏటా నిర్వహణ భత్యం కూడా ఇస్తారు. సంచార, విముక్త జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ వృత్తిదారుల కుటుంబాలకు కూడా కొన్ని స్థానాలున్నాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు, అర్హతగా చూపే డిగ్రీలో 60 శాతం మార్కులు కావాలి. అయితే 2022 మార్గదర్శకాల్లో ఒక నిబంధన చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సామాజిక అధ్యయనాల అంశాలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. తెలుగు దళిత కథల అనువాదాల మీద పరిశోధన చేస్తానంటే దరఖాస్తు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎవరి కోసం పథకం పెట్టారో వాళ్ల సాహిత్యాన్నే వాళ్లు చదవకుండా చేసే నిబంధన ఇది, ఎత్తేయాల్సిందే. ఈలోగా యంత్రానువాదం, దుబాసీ శిక్షణ, అనువాద సాంకేతికత వంటి కోర్సులకు ఈ చిక్కు తక్కువ.

అమెరికాలో ఇప్పటికే చదువుతున్న తెలుగువాళ్లకు సాహిత్యానువాదకుల సంఘం ఆల్టా ఇచ్చే ట్రావెల్ ఫెలోషిప్ మంచి అవకాశం. సంఘం వార్షిక సదస్సుకు వెళ్లడానికి 1,000 డాలర్లు ఇస్తారు. ఇంకా పుస్తకం రానివాళ్లూ, ఒకటీ అరా వచ్చినవాళ్లూ దీనికి అర్హులు. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు మాత్రం అది విమానం టికెట్‌కూ చాలదు.

ఇలాంటి వాటికి నమూనా అనువాదం పంపేటప్పుడు మూలరచన హక్కులు ముందే చూసుకోవాలి. మన దేశంలో రచయిత మరణించాక మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, ఆ లెక్క మరణించిన మరుసటి ఏడాది నుంచి మొదలవుతుంది. 1915లో పోయిన గురజాడ రచనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరిదాకా వారసుల అనుమతి కావాలి. ఆ అనుమతి ఒక చిన్న ఈమెయిల్ రూపంలో ఉన్నా, దాన్ని దరఖాస్తుకు జతచేసి పంపండి.