పిల్ల చెయ్యి విరిగితే: జిల్లాలో ఆర్థో డాక్టరా, హైదరాబాద్‌లో పిల్లల ఎముకల స్పెషలిస్టా?

మణికట్టు దగ్గర ఎముక విడిపోకుండా కాస్త నొక్కుకుపోయి ఉంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఆర్థో డాక్టరు చాలు. బద్దకట్టుతో సుమారు 3 వారాల్లో అతుక్కుంటుంది. దానికోసం వంద కిలోమీటర్లు తిప్పితే పిల్లకే బాధ.

మోచేయి సంగతి వేరు. చెయ్యి చాపి కిందపడితే మోచేతికి కొంచెం పైన విరుగుతుంది. ఆ పక్కనుంచే రక్తనాళం, నరాలు పోతాయి. ఎముక జరిగితే మత్తిచ్చి, సి-ఆర్మ్‌లో (ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రే చూపించే మిషన్) చూస్తూ సరిచేసి, రెండు మూడు సన్న వైర్లు వేస్తారు. 3, 4 వారాలకు తీసేస్తారు. మోచేతి బయటివైపు విరిగితే ఇంకా మోసం: చిన్నపిల్లల్లో అక్కడ చాలా భాగం మెత్తని ఎముకే కాబట్టి ఎక్స్‌రేలో సన్నగీతే కనపడుతుంది. "బెణికింది" అని వదిలేస్తే చెయ్యి వంకరపోవచ్చు. ఇలాంటివాటికి, ఎముక పెరిగే చోట తగిలిన దెబ్బలకు పిల్లల స్పెషలిస్టే మేలు.

జిల్లా డాక్టరునే సూటిగా అడగండి: "సార్, పిల్లలకు మోచేతి వైర్లు మీరు వేస్తుంటారా? చిన్నపిల్లలకు మత్తిచ్చే డాక్టరు ఉన్నారా?" రెండింటికీ అవునంటే అక్కడే చేయించండి, వారానికి ఎక్స్‌రే తీయించడమూ సులువు.

వేళ్లు చల్లబడినా, తెల్లబడినా, వేలు చాపితే పిల్ల కేకపెట్టినా ఏ డాక్టరు మేలన్న పోలికలు వద్దు. 108కి ఫోన్ చేసి దగ్గరి పెద్దాసుపత్రికే పోండి. దారిలో ఏమీ తినిపించొద్దు, మత్తు ఆలస్యమవుతుంది. నాటుకట్టు అసలే వద్దు; వాపు మీద బిగిస్తే కండ చచ్చిపోతుంది.